ఎదురింటి జంపఖానాలు

హనుమకొండలో ఫ్లాటు కొన్నప్పుడు నేను పట్టుబట్టి సాధించుకున్నది ఒక్కటే, హాల్లో టైల్స్. బిల్డర్ అందరికీ వేస్తున్న చుక్కల టైల్స్ నాకొద్దన్నాను. పెద్ద పెద్ద తెల్ల టైల్స్ కావాలన్నాను. అద్దంలా మెరవాలి, మధ్యలో సందు కనబడకూడదు. మేస్త్రీ రెండు చోట్ల సరిగా కలపలేదని తీయించి మళ్లీ వేయించాను. గృహప్రవేశం రోజు బంధువులు చెప్పులు విప్పి లోపలికి అడుగు పెడుతూనే కిందికి చూసేవాళ్లు. వాళ్లు అలా చూసిన ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టుండేది.

నేను పుట్టింది మరిపెడ దగ్గర ఒక పల్లెలో, పేడతో అలికిన నేల మీద. పెళ్లయ్యాక పదిహేనేళ్లు అద్దె ఇళ్లలో గడిపాను. ఒక ఇంట్లో నాపరాళ్లు, ఇంకో ఇంట్లో పగిలిన సిమెంటు. అందుకే ఆ తెల్ల నేలంటే నాకు అంత మోజు. కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు పక్కన పడేసి, ముందు నేలను తుడుచుకునేదాన్ని. ఆ తర్వాతే మంచినీళ్లు తాగేదాన్ని.

కొన్నేళ్లకు మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. మోకాళ్లు అరిగిపోయి చేను పనికి పనికిరాకుండా అయింది. తమ్ముడి ఇంట్లో మెట్లు ఎక్కువ. మాకు లిఫ్టు ఉంది. నేనే వెళ్లి తీసుకొచ్చాను. ఊళ్లో అమ్మ నోరు పెద్దది. మిరపకాయలు ఏరేటప్పుడు ఆమె మాటలు పక్క చేను దాకా వినిపించేవి. కూలికి వచ్చిన ఆడవాళ్లంతా ఆమె ఉన్న సాలు కోసం పోటీ పడేవాళ్లు. అలాంటి మనిషి నా ఇంటికి వచ్చాక మూగదైపోయింది. ఏదైనా అడిగితే "ఆఁ" అనేది, లేదా తల ఊపేది. సోఫా అంచున కూర్చుని కాళ్లు పైకి ముడుచుకునేది. ఊరు మీద బెంగ అనుకున్నాను. కొన్నాళ్లకు తగ్గుతుందిలే అనుకున్నాను. నేను కూడా ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆమె మాట్లాడకపోవడం నాకు మొదట్లో ఇబ్బందిగా కూడా అనిపించలేదు.

మా అంతస్తులో రెండే ఫ్లాట్లు. ఎదురు ఫ్లాటు ఏడాది పాటు ఖాళీగా ఉండి, ఒక దసరా తర్వాత నిండింది. భర్త మందుల కంపెనీ వ్యాన్ నడుపుతాడు. పొద్దున పోతే ఒక రోజు పాలకుర్తి, ఒక రోజు ఏటూరునాగారం, అలా తిరిగి చీకటి పడ్డాక వస్తాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. కొత్తవాడలో పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం ఆమెది. సామాను దించుతున్నప్పుడు తలుపు సందులోంచి చూశాను. ఒక కుట్టు మిషను, రెండు ట్రంకు పెట్టెలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మిగిలిందంతా చుట్టచుట్టి తాళ్లతో కట్టిన జంపఖానాలు. సోఫా లేదు, డైనింగ్ టేబుల్ లేదు. పాపం అనుకున్నాను. ఆ ఫ్లాటులో బిల్డర్ వేసిన చుక్కల టైల్సే ఉన్నాయని కూడా గుర్తు చేసుకున్నాను.

నెల రోజుల తర్వాత బ్లౌజు కుట్టించుకుందామని మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను.

తలుపు తీయగానే నాకేదో అయింది. అది మా హాలంతే హాలు, మా కిటికీ ఉన్నచోటే కిటికీ. అయినా అది వేరే ఇల్లు. నేల ఎక్కడా కనిపించలేదు. గోడ నుంచి గోడ దాకా ఎరుపు, నీలం పట్టీల నూలు జంపఖానా పరిచి ఉంది. గుమ్మం దగ్గర బ్లౌజు ముక్కలు జడలా అల్లి గుండ్రంగా కుట్టిన పట్టా. ఉత్తరం వైపు గోడకు, గాలి కొట్టే చోట, ఇంకో పాత జంపఖానా మేకులకు వేలాడుతోంది. మిషను పక్కన, ఆమె కూర్చునే చోట, చిన్న ఉన్ని తివాచీ. ఇటుక రంగు మీద పాల మీగడ రంగు అంచు, అంచు లోపల ఆకుపచ్చ తీగ. కాలు పెడితే మెత్తగా లోపలికి దిగింది. డిసెంబరు మొదటి వారం అది. మా ఇంట్లో నేల మీద కాలు పెట్టాలంటే మనసు రాదు. ఇక్కడ పాదాల కింద ఎవరో ఇప్పటిదాకా కూర్చుని లేచిపోయినంత వెచ్చగా ఉంది.

"రా అక్కా, కూసో" అంది ఆమె, కొలతల టేపు మెడలో వేసుకుని. "కుర్చీ ఏస్తనా, కింద కూసుంటవా?"

కిందే కూర్చున్నాను. నాకంటే ముందే నా ఒళ్లు కూర్చుంది.

"ఇవన్నీ కొన్నవా?" అని అడిగాను.

"కొనుడెక్కడిదక్కా, మా అబ్బా నేసినయే. నా షాదీకి ఇచ్చిండు. గీ ఉన్నిది ఆయన ఆఖరుకు నేసింది" అని తివాచీ అంచును అరచేత్తో నిమిరింది. వాళ్ల నాన్న చనిపోయి మూడేళ్లయిందని అప్పుడే చెప్పింది.

ఇంటికి తిరిగొచ్చి తలుపు వేయగానే ఆ చప్పుడు హాలంతా మోగింది. తాళంచెవి టేబుల్ మీద పెడితే అదీ మోగింది. నా హాలు ఎంత పెద్దగా, ఎంత తెల్లగా, ఎంత ఖాళీగా ఉందో మొదటిసారి కనిపించింది. ఆ బ్లౌజు చాలా చక్కగా కుదిరింది. అయినా ఎవరైనా ఎక్కడ కుట్టించావని అడిగితే చెప్పబుద్ధి అయ్యేది కాదు.

ఆ చలికాలంలోనే అమ్మ అటు వెళ్లడం మొదలుపెట్టింది.

మొదట ఏదో కొంగుకు పిన్ను అడగడానికి వెళ్లింది. తర్వాత పాత చీర అంచు కుట్టించడానికి. ఆ తర్వాత సాకు కూడా లేదు. "జర ఎదురింట్లకు పోయత్త బిడ్డా, కాళ్లు జిల్లుమంటానయ్" అనేది. పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆమె కూడా తయారై నిలబడేది, తనకూ ఉద్యోగం ఉన్నట్టు. సాయంత్రం లిఫ్టు దిగేసరికి మా తలుపుకు తాళం, ఎదురు తలుపు బార్లా తెరిచి ఉండేది. లోపలి నుంచి మా అమ్మ నవ్వు.

ఆ నవ్వు నేను విని ఎన్నేళ్లయిందో! మిరప చేనులో విన్న నవ్వు అది. నేను లిఫ్టు దగ్గరే నిలబడి వినేదాన్ని. నవ్వు ఆగగానే అమ్మ ఏదో చెప్పేది, ఎదురింటామె "అయ్యో రామ, నిజంగనా అమ్మా?" అనేది, మళ్లీ ఇద్దరూ నవ్వేవాళ్లు. నేను గొంతు సవరించుకుని "అమ్మా, వచ్చిన" అని పిలిస్తే అమ్మ లేచి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా నా వెనకాల వచ్చేది. మా గుమ్మం దాటగానే ఆ మాటలన్నీ ఎక్కడికి పోయేవో. మళ్లీ సోఫా అంచు, మళ్లీ "ఆఁ".

"ఏం ముచ్చట వెట్టిన్రమ్మా?" అని అడిగేదాన్ని.

"ఏం లేదు" అనేది.

ఒకరోజు రెండో బ్లౌజు తెచ్చుకోవడానికి వెళ్లాను. అమ్మ మా ఇంట్లో స్నానం చేస్తోంది. ఎదురింటామె గుండీలు కుడుతూ తల ఎత్తకుండానే, "అక్కా, నువ్వు పత్తికుప్పల పెరిగినవంట గదా?" అని నవ్వింది.

నాకు అర్థం కాలేదు.

"అమ్మ చెప్పింది. నువ్వు పుట్టినప్పుడు మస్తు చలి ఉండెనంట. ఇంట్ల మంచం గూడ లేదంట. ఏరిన పత్తి అర్రల కుప్ప వోస్తే, అండ్ల గుంట జేసి నిన్ను పండుకోవెట్టిందంట. ఒకపాలి నువ్వు అండ్లనే మునిగిపోతే మీ నాయిన ఏడ్సుకుంట దేవులాడిండంట!"

నేను నవ్వాను. ముఖం నవ్వింది. ఆ మాట నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు. నాన్న నా కోసం ఏడ్చాడన్న సంగతి, ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, అద్దెకుండి బట్టలు కుట్టే ఒకామె నోటి నుంచి వింటున్నాను. నా పుట్టుక కథ ఆమె దగ్గర ఉంది, నా దగ్గర లేదు. బ్లౌజు తీసుకుని వచ్చేశాను. స్నానం చేసి వచ్చిన అమ్మను అడగొచ్చు కదా, "ఆ ముచ్చట నాకూ చెప్పు" అని. అడగలేదు. రోషం అడ్డం వచ్చింది. చెప్పాలనుకుంటే నాకే చెప్పేది కదా అనుకున్నాను.

ఆ ఆదివారమే మా ఆయనను వెంటబెట్టుకుని ఫర్నిచర్ షోరూముకు వెళ్లాను. అక్కడ ఉన్నవాటిలో అన్నిటికంటే మందమైన కార్పెట్ చూపించమన్నాను. బూడిద రంగుది, బొచ్చు వేలెడు పొడవు, ఆ షోరూము కుర్రవాళ్లు ఇద్దరు మోస్తేనే కదిలింది. ఎదురింటామె చూడాలని, వాళ్లు మోసుకొస్తుంటే కావాలనే తలుపు తెరిచి పెట్టాను. ఆమె బయటికొచ్చి, "అబ్బ, ఎంత మెత్తగున్నదక్కా" అని నిజంగానే మురిసిపోయింది. ఆమె మురిసిపోవడం కూడా నాకు నచ్చలేదు.

కార్పెట్ పరిచాక హాలు నిజంగానే అందంగా కనిపించింది. అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టాను. "మంచిగున్నదా?" అంటే తల ఊపింది. మర్నాడు పొద్దున ఆమె చేతిలోని చాయ్ గ్లాసు వణికి నాలుగు చుక్కలు కార్పెట్ మీద పడ్డాయి. నేను ఒక్క మాట కూడా అనలేదు. పరుగెత్తి తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బొచ్చు వెంట్రుక వెంట్రుక విడదీసి తుడిచాను. తుడుస్తున్నంతసేపూ అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉంది. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఆ తర్వాత అమ్మ ఆ కార్పెట్ మీద అడుగు పెట్టలేదు. దాని చుట్టూ గోడ పట్టుకుని చల్లటి టైల్స్ మీదుగా నడిచేది. తన గదిలోంచి బయటి తలుపు దాకా, తలుపులోంచి ఎదురింటికి.

మా ఆయన ఒకసారి నవ్వుతూ, "కార్పెట్ కొన్నవా, కంచె కొన్నవా?" అన్నాడు. నేను రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

అమ్మకు ప్రతి చలికాలం కొంచెం దగ్గు వస్తుంది. ఆ ఏడు కూడా వచ్చింది. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరు చూసి, మామూలు జలుబే, వేడినీళ్లు తాగించమన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్తూ ఎదురు తలుపు కొట్టాను. ఆమె పిండి చేతులతోనే వచ్చింది.

"చెల్లె, ఏమనుకోకు" అన్నాను. "అమ్మకు దగ్గు తగ్గుతలేదు. దవాఖాన్ల చూపించినం. దుమ్ము పడ్తలేదన్నడు డాక్టరు. ముఖ్యంగా గీ జంపఖానాలు, ఉన్నివి… పాతవి అసలే దగ్గరికి రానియ్యొద్దన్నడు. అందుకే కొన్ని రోజులు అమ్మను ఇటు పిలువకు."

ఆమె ముఖం తెల్లబోయింది. "అయ్యో, నాకెర్కలేదక్కా. నా ఇంట్ల కూసునే గట్లయిందా? తప్పయింది అక్కా" అంది.

"నీ తప్పేమున్నది" అని లిఫ్టు ఎక్కాను. లిఫ్టు కిందికి దిగుతుంటే నా లోపల రెండు ఉన్నాయి. అబద్ధం చెప్పాననే భయం కొంత, గెలిచాననే సంతోషం కొంత. ఏది ఎక్కువో ఇప్పుడు నిజాయితీగా చెప్పగలను. సంతోషమే ఎక్కువ.

ఆమె అమ్మను పిలవడం మానేస్తుందనుకున్నాను. ఆమె ఆ పని చేయలేదు. రెండో రోజు శనివారం. బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లేసరికి పిట్టగోడ పొడవునా ఆమె జంపఖానాలన్నీ తడిసి నీళ్లు కారుతూ వేలాడుతున్నాయి. ఆమె నీళ్ల ట్యాంకు పక్కన చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చుంది. ముందు ఒక టబ్బు, పక్కన సర్ఫు ప్యాకెట్టు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. టబ్బులో నీళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ రావాలె గదక్కా" అంది నన్ను చూసి. "దుమ్ము లేకుండ అన్నీ ఉతుకుతాన. ఆరేదాక ఉత్త నేలే ఉంచుత. అప్పటికి దగ్గు గూడ తగ్గుతది."

ఆమె టబ్బులోంచి పైకి తీసింది ఉన్ని తివాచీ. ఇటుక రంగు కరిగి పాల మీగడ అంచు నిండా పాకింది. ఆకుపచ్చ తీగ ఒక పక్క మురికి రంగు మచ్చలా మారింది. ఆమె దాన్ని కొళాయి కింద పెట్టి కడిగింది. మళ్లీ పిండింది. మళ్లీ కడిగింది. రంగు ఇంకా ఇంకా దిగింది.

"ఇదివరకు ఎన్నడు ఉతకలే" అంది మెల్లగా. "అబ్బా ఎండల దులిపేటోడు, గంతే."

నేను తడి బట్టల బకెట్టు చేయి మార్చుకున్నాను. ఏదో ఒకటి అనాలి. "ఆరినంక పోతదేమో" అన్నాను. గోరంత కూడా నమ్మకుండా అన్నాను. కిందికి వచ్చేశాను.

సోమవారం అమ్మ మళ్లీ ఎదురింటికి వెళ్లింది. ఆమె వచ్చి స్వయంగా పిలుచుకుపోయింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఎదురు తలుపు తెరిచే ఉంది, కానీ నవ్వు లేదు. తొంగి చూశాను. చుక్కల టైల్స్ మీద అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ల కింద మడతపెట్టిన పాత దుప్పటి. గోడ కూడా ఖాళీ, మేకులు మాత్రం ఉన్నాయి. మిషను టకటకమని గది మొత్తం మోగిస్తోంది. ఆమె మిషను ఆపి ఏదో అడిగింది. అమ్మ "ఆఁ" అని తల ఊపింది.

ఆ "ఆఁ" నాకు బాగా తెలుసు.

ఇంటికి వచ్చాక అమ్మ పక్కన కూర్చున్నాను. చెవి దగ్గరికి జరిగి అడిగాను. "ఏమైందమ్మా, ఇయ్యాల ముచ్చట్లు లేవా?"

అమ్మ నా వైపు తిరిగింది. "గా పిల్ల మాట గూడ తెలుస్తలేదు బిడ్డా ఇప్పుడు" అంది. "గవి తీసేసినకాన్నించి ఆమె ఇంట్ల గూడ మాట మోగుతాంది. నీ ఇంట్ల మోగినట్టే."

"నా ఇంట్లనా?"

"నా చెవులు మంచిగ లేవు గద. నీ ఇంట్ల ఎవలేమన్నా గుడిగంటల నోరు వెట్టి మాట్లాడినట్టు మోగుతది. ఏం మాటనో తెలువది. అడిగిందే అడిగితే నీకు కోపమొస్తదని ఊకుంట. గా పిల్ల ఇంట్ల మాట చెవుల పక్కన చెప్పినట్టు ఇనవడేది."

అమ్మ వచ్చి నాలుగేళ్లు. నాలుగేళ్లుగా నా అమ్మకు నా మాట వినపడలేదు. నాతో చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదనుకున్నాను. ఇంకొకరి మీద ఎక్కువ ప్రేమ అనుకున్నాను. తీరా చూస్తే మోజుపడి వేయించుకున్న నా తెల్ల నేల, ఖాళీ గోడలు ప్రతి మాటనూ పట్టుకుని విసిరేస్తున్నాయి. అంత మందం కార్పెట్ కొన్నాను, కానీ అది హాలు మధ్యలో ఒక ముక్కే. ఆ నాలుగు చుక్కల చాయ్ తర్వాత ఆమె దాని మీద కూర్చుంటే కదా!

మర్నాడు సెలవు పెట్టాను. ఎదురు తలుపు కొట్టి, లోపలికి వెళ్లి, నిలబడే చెప్పాను. "చెల్లె, డాక్టరు గట్ల చెప్పలేదు. నేనే అబద్ధం చెప్పిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "ఏం చెప్పలేదక్కా?"

"దుమ్ము సంగతి. జంపఖానాల సంగతి. అమ్మ ఇక్కడికి వస్తుంటే నాకు ఓర్వబుద్ధి కాలేదు. అందుకే చెప్పిన."

ఆమె మిషను మీద నుంచి చేతులు తీసింది.  "ఉత్తగ పిలువొద్దంటే ఊకుందును గదక్కా" అంది. "అమ్మను పంపియ్య అంటే గూడ ఊకుందు. మా అబ్బా చేతిది ఖరాబైంది. ఇప్పుడు గది ఎవలు నేస్తరు?"

క్షమించమన్నాను. "సరే అక్కా, ఇగ పో. నాకు పనున్నది" అంది. తలుపు వేసింది. ఆ తలుపు అప్పటిదాకా నా ముందు ఎప్పుడూ మూసుకోలేదు.

పది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. లిఫ్టులో కలిస్తే కొంగు సర్దుకుని పక్కకు చూసేది. నూలు జంపఖానాలు ఆరాయి. అవి తిరిగి ఆమె నేల మీదికి, గోడ మీదికి చేరాయి. అమ్మను మాత్రం ఒక్క రోజు కూడా దూరం పెట్టలేదు. అమ్మకు జరిగిందంతా నేనే చెప్పాను, ఈసారి చెవి దగ్గర. అమ్మ తిట్టలేదు. "చిన్నప్పుడు గూడ గంతే నువ్వు. తమ్మున్ని ఎత్తుకుంటే నా కొంగు గుంజి కింద కూలవడేదానివి" అంది. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

పదకొండో రోజు అమ్మే ఆమెను మా ఇంటికి తీసుకొచ్చింది. ఏం చెప్పి ఒప్పించిందో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి, నా బూడిద కార్పెట్ వైపు చూసి, "అమ్మకు గిది కాదక్కా కావాల్సింది. గట్టి నూలుది కావాలె. చాయ్ వడ్డా, అన్నం వడ్డా తుడిస్తె పోవాలె. నడుస్తుంటె కాలుకు తట్టొద్దు. గోడకు గూడ ఒకటి ఎయ్యాలె" అంది. "మా అబ్బా జోడిగ నేసినాయన ఉన్నడు కొత్తవాడల. రేపు పోదాం, వస్తవా?"

వెళ్లాం. ఆటోలో ఇద్దరం చెరో అంచుకు కూర్చున్నాం. మధ్యలో పాత చీరలో చుట్టిన ఉన్ని తివాచీ. కొత్తవాడలో ఒక సందు చివర రేకుల షెడ్డు. లోపల వెడల్పాటి మగ్గం ముందు ఒక ముసలాయన, ఆయన కొడుకు పక్కపక్కన కూర్చుని ఇనుప పంజాలతో నూలును కిందికి కొడుతున్నారు. ముసలాయన ఆమెను చూడగానే లేచాడు. తివాచీని అందుకుని ముందు రంగు చూడలేదు. బోర్లా తిప్పి వెనక ముడుల మీద వేళ్లు పెట్టి చూశాడు.

"మీ అబ్బా చెయ్యే" అన్నాడు. తర్వాత తిరగేసి చూసి, "గిదేందిరా బిడ్డా? ఉతికిన్రా దీన్ని? ఎవలు జెప్పిన్రు ఉతుకుమని?" అన్నాడు.

ఆమె ఖాళీ చీరను మడత పెట్టసాగింది. నా వైపు చూడను కూడా లేదు.

"నేనే పెద్దాయనా" అన్నాను. "నా మాట వట్టుకునే ఉతికింది."

ఆయన నన్నొకసారి చూసి మళ్లీ తివాచీ చూశాడు. "పాకిన రంగు పోదమ్మా. ఉన్నికి పట్టిందంటె పట్టిందే. ఇప్పుడు ఉన్నివి నేసుడు గూడ బందైంది. కని నేత ఏం జెడలేదు. ఒక్క ముడి గూడ ఊడలే. ఇంక ఇరువై ఏండ్లు తొక్కుండ్రి" అని ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని మళ్లీ చీరలో చుట్టలేదు. ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

మా హాలు కొలతలు ఆమె నోటికే చెప్పింది, రెండు ఇళ్ల హాళ్లూ ఒకటే కొలత కాబట్టి. రంగులు కూడా ఆమే చెప్పింది. ముదురు పసుపు, ముదురు ఆకుపచ్చ, మధ్యలో సన్నగా నలుపు. నాకు బూడిద, తెలుపు అయితే బాగుండుననిపించింది. నోరు తెరవలేదు.

జంపఖానాలు రావడానికి నెలన్నర పట్టింది. అప్పటికి చలి వెనక్కి తగ్గింది, కానీ వెంటనే పరిచాం. బూడిద కార్పెట్‌ను మా ఆడబిడ్డ మురిపెంగా పట్టుకుపోయింది. ఎదురింటామె వచ్చి తనే గోడకు మేకులు కొట్టింది, నా తెల్ల గోడకు, నా కళ్ల ముందే. నేల మీద ఎక్కడ మడత పడుతుందో చూసి నాలుగు వైపులా గుంజి సరిచేసింది. నా తెల్ల టైల్స్ ఇప్పుడు గోడ పక్కన జానెడు పట్టీగా మాత్రమే కనిపిస్తాయి.

అమ్మ వెంటనే మారిపోలేదు. మొదటి వారం ఆ కొత్త జంపఖానా మీద కూడా అంచునే నడిచింది. ఒకరోజు సాయంత్రం నేనే కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఈనెలూ తొడిమలూ జంపఖానా మీదే వేశాను. అమ్మ అటూ ఇటూ చూసి, మెల్లగా గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుంది. ఒక గుప్పెడు కాయలు తన వైపు లాక్కుంది. "మీ మేనత్త చిక్కుడు పందిరి కాడ ఒకపాలి ఏమైందో ఎర్కేనా?" అని మొదలుపెట్టింది. నేను పక్కనే ఉండి, మామూలు గొంతుతోనే "ఏమైంది?" అన్నాను. ఆమెకు వినపడింది.

ఇంతటితో నా అసూయ పోయిందని రాస్తే అబద్ధం. మధ్యాహ్నాలు అమ్మ ఇప్పటికీ అక్కడే గడుపుతుంది. కుట్టు మిషను ఉన్నచోట మనుషులు వస్తూ పోతూ ఉంటారు, అమ్మకు మనుషులు కావాలి. ఆదివారం కూడా ఒక్కోసారి భోజనం చేయగానే అటు వెళ్లిపోతుంది. అప్పుడు నాకు లోపల ఎక్కడో పాత గిల్లుడే. ఎదురింటామెతో నా చెలిమి కూడా మునుపటిలా కాలేదు. మర్యాదగా ఉంటుంది, బ్లౌజులు కుడుతుంది, పండక్కి సేమియా పంపుతుంది. ఆ రంగు పాకిన తివాచీ మిషను పక్కన అలాగే పరిచి ఉంటుంది. నేను వెళ్లినప్పుడు దాని మీద కూర్చోమని మాత్రం ఇప్పుడు అనదు. నేనూ కూర్చోను.

మొన్నీమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది, అమ్మ కళ్లద్దాలు వాళ్లింట్లో మర్చిపోతే ఇవ్వడానికి. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నేను వంటింట్లో చాయ్ పెట్టాను. పాలు కాగుతుంటే హాల్లో ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. నా ఇంట్లో, నా జంపఖానా మీద, నేను లేకుండా.  స్టౌ కట్టేసి హాల్లోకి వెళ్లాను.

"ఏంది ముచ్చట? నాకు గూడ చెప్పుండ్రి" అన్నాను.

ఆమె నా కోసం కొంచెం జరిగింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "కూసో. మొదటి నుంచి జెప్త" అంది.